రష్యా ఆటగాడి మడమ, నా ఐసు బకెట్టు

నేను రిటైరైన రోజు క్లబ్బువాళ్లు నాకొక ఫుట్‌బాల్ బహుమతిగా ఇచ్చారు. ఆటగాళ్లంతా దాని మీద సంతకాలు చేశారు. చేసినవాళ్లలో సగం మందికి నా పేరు తెలియదు. "మసాజ్ గారికి ప్రేమతో" అని రాశాడొకడు. ఇన్నేళ్లు వాళ్ల మోకాళ్లూ నడుములూ తొడలూ చక్కబెట్టినందుకు దక్కిన బిరుదు అదన్నమాట. ఫిజియోథెరపిస్టు అంటే నోరు తిరగదు లెండి, వాళ్లనేం అనగలం.

ఈమధ్య మన కోస్తా జిల్లాల నుంచి ఫిజియో చదివిన పిల్లలు మస్కట్‌కి బాగానే వస్తున్నారు. శుక్రవారం ఆరాధన అయ్యాక చర్చి బయట టీ తాగుతూ నన్ను పట్టుకుంటారు. "అంకుల్, హాస్పిటల్లో చేరమంటారా, క్లబ్బులో చేరమంటారా?" అని. హాస్పిటల్లో రోగికి నొప్పి ఉంటుంది, చెబుతాడు, మీరు వింటారు. క్లబ్బులో రోగికి నొప్పి ఉంటుంది, కానీ చెప్పడు. మీరు చెబితే మేనేజరు వినడు. కోచ్‌కి అసలు వినపడదు. అంతే తేడా. తర్వాత మీ ఇష్టం.

ఇంత చిన్న జవాబు సరిపోవడం లేదని మా ఆవిడ రత్నం అంది. అందుకే ఇది రాస్తున్నాను. ఏ సంవత్సరం ఎంత జీతం పెరిగిందో, ఏ కప్పు గెలిచామో ఇందులో ఉండదు. కప్పులు ఎక్కువ గెలవలేదు కాబట్టి రాయడానికీ పెద్దగా లేదు.

పైవాళ్లు

మా క్లబ్బు నడిపే పెద్దమనిషిని అందరూ ముదీర్ అనేవాళ్లు. అరబ్బీలో మేనేజరు అని అర్థం. అల్ ఖువైర్‌లో ఆయనకు టైర్ల వ్యాపారం, దాని ఆఫీసు ఉండేవి. ఆటగాళ్లను కూడా టైర్ల లాగే చూసేవాడు. గాలి ఉందా, బండి కదులుతుందా, అంతే. మనిషి మాత్రం చెడ్డవాడు కాదు. రత్నానికి జ్వరమొచ్చిందని తెలిసి ఇంటికి హల్వా పంపించాడు. ఎదురుపడితే చేయి పట్టుకుని ఇంట్లో వాళ్లందరి క్షేమం అడిగేవాడు. మన వైద్యం గురించి మాట్లాడినప్పుడు మాత్రం ఫోను మోగేది. మోగకపోతే ఆయనే మోగించుకునేవాడు.

కోచ్‌లు ఏడాదికొకరు మారేవాళ్లు. ఏ దేశం నుంచి వచ్చినా ప్రతి కోచ్‌కీ తెలిసిన వైద్యం ఒక్కటే, టేపు. మోకాలు వాచిందా, టేపు చుట్టు. తొడ పట్టేసిందా, టేపు చుట్టు. ఇంకా నొప్పా, ఇంకా గట్టిగా చుట్టు. నా చేతిలో నాలుగేళ్ల డిగ్రీ ఉందని వాళ్లు ఏనాడూ గుర్తుపెట్టుకోలేదు. టేపు చుట్ట మాత్రం గుర్తుండేది.

సెనెగల్ కుర్రాడు

నేను చేరిన కొత్తలో సెనెగల్ నుంచి ఒక కుర్రాడొచ్చాడు. పిక్క కింద, మడమ వెనక, వేలంత లావున ఒక తాడు ఉంటుంది. మనవాళ్లు దాన్ని మడమ నరం అంటారు. నరం కాదు, స్నాయువు. మనిషి నిలబడాలన్నా పరిగెత్తాలన్నా అదే ఆధారం. ఆ కుర్రాడికి అది వాచింది. ఆడించవద్దని చెప్పాను. రాసి ఇచ్చాను. ముదీర్‌కి ఫోను మోగింది. కోచ్ టేపు చుట్టమన్నాడు.

ఆట మొదలైన కాసేపటికే కొబ్బరిమట్ట విరిగినట్టు చప్పుడైంది. గట్టు మీద కూర్చున్న నాకే వినిపించింది. తనను తన్నిందెవరా అని ఆ కుర్రాడు వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. ఆ తర్వాత కింద పడ్డాడు. ఆపరేషన్ చేయించి, కట్టుతోనే ఇంటికి పంపించారు. మళ్లీ ఆడలేదని విన్నాను. మెట్లు దిగేటప్పుడు ఇప్పటికీ పక్కకి తిరిగే దిగుతాడట.

ఆ చప్పుడు విన్నాక నాకు ఒకటి అర్థమైంది. నిజం చెప్పడంతో మన పని అయిపోయిందనుకునేవాళ్లు ఈ ఉద్యోగానికి రాకూడదు.

అర్కాడీ దిగాడు

ఆ తర్వాత చాలా ఏళ్లకు అర్కాడీ వచ్చాడు. సైబీరియాలో బొగ్గు గనుల ఊరు అతనిది. సెంటర్ ఫార్వర్డ్, అంటే గోల్ కొట్టాల్సినవాడు. సొంత దేశంలో నాలుగేళ్లు ఆడాక బయటికొచ్చాడు. కజకిస్తాన్, బల్గేరియా, సైప్రస్, మలేషియా, చివరికి ఒమన్. పెట్టె విప్పేలోపే మళ్లీ సర్దుకోవాల్సొచ్చిన ఊళ్లు కూడా ఉన్నాయట.

ముదీర్ అతన్ని వీడియో చూసి కొన్నాడు. పెళ్లిచూపులకు ఫోటో పంపినట్టే ఆటగాళ్లకు వీడియో పంపుతారు. ఆ వీడియోలో అర్కాడీకి ఒత్తయిన జుట్టుంది. ఎయిర్‌పోర్టులో దిగినవాడికి లేదు. ముదీర్ పూలగుత్తి పట్టుకుని ఆ తలవైపు కాసేపు చూసి, "గోల్ కాళ్లతోనే కదా కొడతారు" అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

పరదేశీ ఆటగాడి బతుకు చాలా సులభం. గోల్ కొట్టిన రోజు 'హబీబీ', అంటే మా బంగారం. కొట్టని రోజు 'అజ్‌నబీ', అంటే పరాయివాడు. సొంత ఊరి కుర్రాడు నాలుగు ఆటలు పాడుచేస్తే పాపం గాలి సరిగా లేదంటారు. పరదేశీ ఒక్కటి పాడుచేస్తే టికెట్టు రేటు కనుక్కుంటారు.

అర్కాడీ నవ్వడు. కారణం లేకుండా నవ్వేవాణ్ణి వాళ్ల ఊళ్లో వెర్రివాడంటారట. ఏది అడిగినా ఒకటే మాట. తిండెలా ఉంది? నార్మల్. ఎండ? నార్మల్. ఆగస్టులో మస్కట్ ఎండను నార్మల్ అన్న మనిషిని నేను అతన్నొక్కణ్ణే చూశాను.

అల్ హైల్‌లో క్లబ్బు ఇచ్చిన విల్లాలో కింద వాటాలో అతను, పైన మేము. రత్నం స్టాఫ్ నర్సు. చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. మనుషులకు అన్నం పెట్టడం, బుద్ధి చెప్పడం ఆవిడకు రెండూ ఒకటే. ఒకరోజు దోసావకాయ పెట్టింది. అతను కళ్ల వెంట నీళ్లు కారుతున్నా సీసా ఖాళీ చేశాడు. "ఎలా ఉంది బాబూ?" అంది. "నార్మల్, సిస్టర్" అని ఖాళీ సీసా మళ్లీ ముందుకు జరిపాడు.

అతనికో అలవాటుంది. ఊరికి వెళ్లేముందు పెట్టె మీద కాసేపు నోరు మూసుకుని కూర్చోవాలి. పక్కనున్నవాళ్లూ కూర్చోవాలి. వాళ్ల దేశంలో అందరిదీ అదే పద్ధతట. వేరే ఊళ్లో ఆటకు వెళ్తే బస్సు కదిలేముందు టీమంతటినీ అలా కూర్చోబెట్టేవాడు. మొదట్లో నవ్వినవాళ్లు తర్వాత వాళ్లే "అర్కాడీ కూర్చున్నాడా?" అని అడగడం మొదలుపెట్టారు.

బకెట్టు

మొదటి ఆట రోజు ఐసు తెచ్చుకుందామని నేను ఖాళీ బకెట్టు పట్టుకుని నడవాలో వెళ్తున్నాను. ఎదురుగా మైదానంలోకి వెళ్లే ఆటగాళ్ల వరస. అర్కాడీ నన్ను చూసి టక్కున ఆగిపోయాడు. బకెట్టులోకి తొంగిచూశాడు. తల తిప్పి ఎడమ భుజం మీదుగా మూడుసార్లు "తు, తు, తు" అన్నాడు.

నా మీదే ఉమ్మాడనుకున్నాను. ఒళ్లు మండిపోయింది. "ఏంట్రా అది, కొవ్వెక్కిందా!" అని తెలుగులోనే అరిచాను. కోపమొస్తే నాకు వేరే భాష రాదు.

"ఎంప్టీ" అన్నాడు బకెట్టు చూపించి. "ఎంప్టీ, బ్యాడ్. వెరీ బ్యాడ్."

కదలడు. రిఫరీ ఈల వేస్తున్నాడు. కోచ్ జుట్టు పీక్కుంటున్నాడు. నాకు మాత్రం మా అమ్మ గుర్తొచ్చింది. మాది ఒంగోలు దగ్గర పల్లె. అమ్మ బైబిలు చంకన పెట్టుకుని ఆరాధనకు బయల్దేరేది. దారిలో ఎవరైనా ఖాళీ బిందెతో ఎదురొస్తే చప్పుడు చేయకుండా ఇంట్లోకొచ్చి, కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ వెళ్లేది. ఏంటమ్మా అంటే "కళ్లజోడు మర్చిపోయాన్రా" అనేది. కళ్లజోడు ముక్కు మీదే ఉండేది.

ఎక్కడి సైబీరియా, ఎక్కడి ఒంగోలు! నవ్వాపుకుంటూ పరిగెత్తి, బకెట్టు నిండా ఐసు నింపుకుని మళ్లీ ఎదురొచ్చాను. అప్పుడు కదిలాడు. ఆ రోజు రెండు గోల్స్ కొట్టాడు. ఇంకేముంది! ముదీర్ స్వయంగా వచ్చి నా భుజం తట్టాడు. అప్పటికి అన్నేళ్లుగా మోకాళ్లు బాగుచేస్తుంటే తట్టని భుజం అది. ఆ రోజు నుంచి ప్రతి ఆటకు ముందూ నిండు బకెట్టుతో ఎదురు రావడం నా డ్యూటీ అయింది. నా వృత్తి జీవితంలో పైవాళ్లంతా ఏకగ్రీవంగా మెచ్చుకున్న వైద్యం ఇదొక్కటే.

రత్నానికి ఈ సంగతి తెలిసి ఇల్లు పీకి పందిరేసింది. "ఏవండీ, మీరు సంఘపెద్దలు. పోయిన శుక్రవారమేగా శకునాలు నమ్మొద్దని లేచి నిలబడి వాక్యం చదివారు! ఇప్పుడు ముత్తైదువులా బిందె పట్టుకుని ఎదురొస్తున్నారా?"

"బిందె కాదే, బకెట్టు" అన్నాను.

ఆ పూట పెరుగు పడలేదు.

మడమ

రెండో ఏడాది చలికాలం చివర్లో అర్కాడీ పొద్దున్నే వాకిలి మెట్ల మీద పక్కకి తిరిగి దిగడం చూశాను. వెంటనే బల్ల మీద పడుకోబెట్టి ఎడమ మడమ వెనక వేళ్లతో పట్టాను. వాచి ఉంది. పాదం కదిలిస్తే లోపల కిరకిరమంటోంది.

"నొప్పా?"

"నార్మల్."

గట్టిగా నొక్కాను. కాలివేళ్లు ముడుచుకున్నాయి. ముఖం మాత్రం గోడ. లేచి ఒంటికాలి మీద, మునివేళ్లపై లేవమన్నాను. కుడికాలి మీద లేచాడు. ఎడమకాలి మీద లేవబోయి గోడ పట్టుకుని, "నేల జారుతోంది" అన్నాడు. నేల మీద కార్పెట్టు పరిచి ఉంది.

స్కాన్ తీయించాను. స్నాయువు కొంత మేర చిరిగింది. విశ్రాంతినిస్తే కొన్ని నెలలకు అతుక్కుంటుంది. ఒక్క ఆట గట్టిగా పరిగెత్తితే సెనెగల్ కుర్రాడి గతే. అర్కాడీకి బొమ్మ గీసి చూపించాను.

"దాస్, ముదీర్‌కి చెప్పొద్దు" అన్నాడు. అంత పొడుగు వాక్యం అతని నోట అదే మొదలు. తర్వాత ఆగలేదు. "బల్గేరియాలో నొప్పి అన్నాను. ఆ వారమే టికెట్టు. సైప్రస్‌లో తొడ పట్టేసిందన్నాను. మంచం దగ్గరికే టికెట్టు. ఇక ఎక్కడా అనను. ఇక్కడ నేను నార్మల్."

"తెగితే ఏం చేస్తావ్?"

"ఇంటికి. చిన్నపిల్లలకి ఆట నేర్పిస్తా. మా ఊళ్లో మైదానం ఉంది."

"కూర్చునా?"

అతను బొమ్మ గీసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వు తిట్టుకున్నా సరే, నేను చెబుతాను" అన్నాను. చెప్పాను కూడా. ముదీర్ అతన్ని పిలిపించి నా ఎదుటే అడిగాడు. "నార్మల్" అన్నాడు, కళ్లు నా వైపు తిప్పకుండా. ముదీర్ చేతులు చాచాడు. "చూశావా దాస్! కాలు ఎవరిదో వాడే బాగుందంటున్నాడు. బీచ్ మే తుమ్ కౌన్?" మధ్యలో నువ్వెవరని.

వారంలో కప్పు సెమీఫైనల్, బురైమిలో. అర్కాడీ లేకపోతే గోల్ కొట్టే దిక్కు లేదు. కోచ్ నా వైపు టేపు చుట్ట విసిరాడు.

బురైమి

బస్సు కదిలేముందు అందరం కూర్చున్నాం. సోహార్ దాటాక పెట్రోలు బంకు దగ్గర ఆపారు. అర్కాడీ బస్సు మెట్లు దిగడం కిటికీలోంచి చూశాను. రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, ఎడమ మడమ నేలకి ఆనకుండా దిగాడు. టీ తాగుతున్న కోచ్ కూడా అటే చూశాడు. చూసి, టీలో ఇంకొంచెం చక్కెర వేసుకున్నాడు.

ఆ దారంతా నా చెవిలో ఆ కొబ్బరిమట్ట చప్పుడే. కొండల మధ్య మలుపుల్లో అందరూ నిద్రపోతుంటే నేను మాత్రం ప్రార్థన చేసుకున్నాను. దేవుడు నాకు ఇచ్చిన జవాబు చర్చిలో చెప్పుకునేది కాదు.

సాయంత్రం బురైమి స్టేడియం. టేపు చుట్టాను. అర్కాడీ బూట్లు కట్టుకున్నాడు. పైన మెట్ల మీద స్పాన్సరు పెద్దలకు కహ్వా కాఫీ, ఖర్జూరాలు పంచుతున్నారు. ఆటగాళ్లు నడవాలో వరస కట్టారు. నేను ఐసు యంత్రం ఉన్న గదిలోకి వెళ్లి, నింపి పెట్టిన బకెట్టుని తొట్టిలో బోర్లించాను. చివరి ముక్క కూడా దులిపాను. ఖాళీ బకెట్టు ఊపుకుంటూ ఎదురొచ్చాను.

అర్కాడీ ఆగాడు. బకెట్టులోకి చూశాడు. నా ముఖంలోకి చూశాడు.

"ఐసు లేదా?"

"లేదు."

"మెషిన్ పాడైందా?"

"లేదు" అన్నాను. "మెషిన్ నార్మల్."

మైదానంలోకి వెళ్లిపోతాడనుకున్నాను. పక్కకి జరిగి బల్ల మీద కూర్చున్నాడు. వంగి బూటు తాడు విప్పడం మొదలుపెట్టాడు.

కోచ్ పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది?"

"బకెట్టు ఖాళీ. నేను ఆడను."

కోచ్ అరిచిన అరుపులకు ముదీర్ పైనుంచి దిగొచ్చాడు. సంగతి విని, తెల్లని దిష్‌దాషా అంగీ మీద నీళ్లు చిందుతున్నా లెక్కచేయకుండా, మంచినీళ్ల సీసాలు ఒక్కొక్కటీ విప్పి బకెట్టులో తానే కుమ్మరించాడు. "నిండింది! ఇదిగో, చూడు! మొదటి ఆట రోజు నింపితే వెళ్లావు కదా!"

అర్కాడీ రెండో బూటు కూడా విప్పి పక్కన పెట్టాడు.

"ఆ రోజు దాస్ తెలియక ఖాళీగా వచ్చాడు" అన్నాడు. "ఈ రోజు తెలిసే వచ్చాడు. దీనికి విరుగుడు లేదు."

ఓడిపోయాం. ముదీర్ ఆ నెలంతా అల్ ఖువైర్‌లో కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాడు, రష్యా వాడు బకెట్టుకి భయపడి సెమీఫైనల్ వదిలేశాడని. అందరూ పగలబడి నవ్వారు. నాకు బయటి ఊళ్ల ఆటలకు వెళ్లే అవకాశం తీసేశారు. ఆట రోజు నేను బకెట్టు ముట్టుకోకూడదని ఆర్డరు కూడా వేశారు. చాలా రకాల శిక్షలు విన్నాను గానీ, బకెట్టు నిషేధం పడిన ఫిజియో ఇంకొకడు ఉన్నట్టు వినలేదు.

క్లబ్బుల్లో చేరాలనుకునే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇదే. మూర్ఖుడు అనిపించుకోవడానికి ఆటగాడు సిగ్గుపడడు. కుంటివాడు అనిపించుకోవడానికి చచ్చేంత సిగ్గు. నొప్పి అనే మాట అతని నోట రానప్పుడు, ఆ మాట అనకుండానే ఆగిపోయే దారి మీరు చూపించాలి. ఇది ఏ కాలేజీలోనూ చెప్పరు. చెబితే డిగ్రీ పీకేస్తారు.

పెట్టె మీద

అర్కాడీ ఇప్పుడు తన ఊళ్లోనే పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. మంచులో మునివేళ్ల మీద గంతులేసి చూపిస్తున్న వీడియో పంపించాడు. రెండు కాళ్ల మీదా సమానంగా లేస్తున్నాడు. నేను దాన్ని ఆటగాడి వీడియో చూసినట్టు చూడను, మడమ వీడియో చూసినట్టు చూస్తాను. అయితే నేను ఎక్కువగా తలుచుకునేది అతను ఒమన్ నుంచి వెళ్లిన రోజు.

అనుకున్నట్టే ఆ వారమే టికెట్టు వచ్చింది. పూలగుత్తి రాలేదు. పొద్దున పది గంటల వేళ గేటు బయట క్లబ్బు డ్రైవరు హారన్ కొడుతున్నాడు. కింద వాటాలో రెండు పెట్టెలు. అర్కాడీ ఒకదాని మీద కూర్చున్నాడు. రెండోదాని మీద నన్ను కూర్చోమన్నాడు. రత్నం దోసావకాయ సీసా ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుంది.

కాసేపటికి అతనే, నేల వైపు చూస్తూ అన్నాడు. "దాస్. ఎడమ మడమ. నొప్పి."

రెండేళ్లలో మొదటిసారి. "తెలుసు నాయనా" అన్నాను తెలుగులో. ఆనందం వచ్చినా నాకు వేరే భాష రాదని అప్పుడే తెలిసింది. మోకాలి మీద కాగితం పెట్టుకుని ఏ నెలలో ఏ వ్యాయామం చేయాలో రాసిచ్చాను. అతను లేచాడు.

అప్పుడు నాకేం తోచిందో, గబగబా పైకి వెళ్లాను. బాత్రూంలో బకెట్టు పంపు కింద పెట్టాను. హారన్ మళ్లీ మోగింది. ఉన్న నీళ్లతోనే పట్టుకుని వెనక మెట్ల మీంచి దిగి, గేటు వైపు నుంచి అతనికి ఎదురు రావాలని బయల్దేరాను. మెట్ల మలుపులో రత్నం అడ్డంగా నిలబడి ఉంది.

అయిపోయింది, వాక్యం మొదలవుతుందనుకున్నాను. సంఘపెద్దని, నెత్తిన నెరిసిన జుట్టు, చేతిలో ప్లాస్టిక్ బకెట్టు. ఏం చెప్పుకోను? "ఐసు... కాదు, మొక్కలకి..." అని నసిగాను.

రత్నం బకెట్టులోకి తొంగిచూసింది.

"సగమే పట్టారేంటండీ?" అంది. "వెళ్లి అంచుదాకా నింపుకురండి. బిడ్డ అంత దూరం పోవాలి. ఈలోగా నేను డ్రైవర్ని ఆపుతాను."